ఇవ్వడానికి తయారైన ఒళ్ళు

పందెం మొదలై కోట ముందు నుంచి అందరూ ఒకేసారి కదిలినప్పుడు ఎవరి భుజం ఎవరికి తగులుతోందో తెలియలేదు గాని, మార్కెట్ మలుపు తిరిగేసరికి గుంపు పలచబడి ఎవరి ఊపిరి వాళ్ళకు వినబడడం మొదలైంది, నిరంజన్‌కూ తన ఊపిరి వినబడింది, అది ఏ తొందరా లేకుండా నూనె వేసిన మగ్గంలాగా సాఫీగా ఆడుతోంది, ఆ సంగతి తెలియగానే అతనికి దాని మీద కోపం వచ్చింది. రొప్పితే బాగుండును. నిరుడు ఈపాటికి ఇందులో సగం దూరం నడిచినా రొప్పేవాడు. గుడియాత్తంలో లుంగీల గోడౌన్‌లో పొద్దున కూర్చుంటే సాయంత్రం లేచేవాడు, లేచేటప్పుడు మోకాళ్ళ మీద చేతులు ఆనించి మూలుగుతూ లేచేవాడు, ముప్పై ఆరేళ్ళకే పొట్ట ముందు నడిచేది, అతను దాని వెనక నడిచేవాడు, మడతపెట్టే ఆడవాళ్ళు వెనక నవ్వుకునేవాళ్ళు. ఆ పొట్ట ఇప్పుడు లేదు. యాడికి పోయిందో, ఎంత చెమటగా మోర్ధానా రోడ్డు మీద కారిపోయిందో, తెల్లారేముందు ఎన్ని కుక్కలు మొరిగితే ఎంత తగ్గిందో. ఈ పసుపు బనీను ఇప్పుడు ఒంటి మీద వదులుగా రెపరెపలాడుతోంది. బనీను సైజు చెల్లెలు షాలినీయే రాసి పంపింది, పేరూ తనే నమోదు చేసింది, ఫోన్ చేతిలో పెట్టుకుని మంచం మీద బోర్లా పడుకుని, "ఆపరేషన్ అయినాక కొన్నాళ్ళు పరిగెత్తకూడదంట గదన్నా, దానికి ముందే ఒకతూరి పెద్ద పందెం పరిగెత్తేసెయ్, పది కిలోమీటర్లంతే, నేను కోట కాడ నిలబడి ఈల వేస్తా" అంది, దానికి ఈల వెయ్యడం రాదు, చిన్నప్పటి నుంచీ రాదు, వట్టి గాలి వచ్చేది.

లాంగ్ బజారు దుకాణాలు ఇంకా తెరవలేదు, పూలమ్మేవాళ్ళు మాత్రం మూటలు విప్పుకుంటూ పరిగెత్తేవాళ్ళను వింతగా చూస్తున్నారు, ఒకామె చేతిలోని మల్లెదారం ఆపి పక్కామెతో అరవంలో ఏదో అంది, వీళ్ళకు పొద్దున్నే ఏం పని అని అయ్యుంటుంది. నిజమే, ఏం పని. ఎవరో వెనక నుంచి దాటిపోయారు, అత్తరు వాసన. పోనీ. అతను ఎవరితోనూ పోటీకి రాలేదు. మొదట పరిగెత్తిన రోజున కూడా ఎవరితోనూ పోటీ లేదు, ఒక డాక్టరు మాటతో తప్ప. షాలినికి రెండు మూత్రపిండాలూ చెడిపోయాయని తెలిశాక అమ్మ తంగమ్మ నాది తీసుకోండి నాది తీసుకోండి అని ఆస్పత్రి వరండాలో ప్రతి తెల్లకోటు వెనకా తిరిగింది, ఆమెకు చక్కెర జబ్బు, కుదరదన్నారు, నాన్న ఎప్పుడో పోయాడు, ఇక మిగిలింది అన్న. రక్తం కలిసింది, తక్కినవన్నీ కలిశాయి, పెద్ద డాక్టరు కాగితాలు పక్కన పెట్టి అతని పొట్ట వైపు చూశాడు. ఈ బరువుతో, ఈ రక్తపోటుతో మీ మీద కత్తి పెట్టలేను, ఇచ్చేవాడు కూడా తర్వాత బతకాలి కదా, ముందు తగ్గించుకు రండి, అంతవరకు చెల్లెలికి డయాలిసిస్ నడుస్తుంది అన్నాడు. అంతవరకు. ఆ మాట విన్నప్పుడు అది ఒక దారిలా వినబడింది, ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తితే అయిపోయే దారి.

మరుసటి రోజు తెల్లారకముందే బయలుదేరాడు, కౌండిన్య నది వంతెన దాకా కూడా పోలేకపోయాడు, పక్కనున్న మైలురాయి మీద కూర్చుని దగ్గాడు. షాలిని వెనకే స్కూటీ మీద వచ్చింది. డయాలిసిస్ లేని రోజుల్లో దానికి కొంచెం ఓపికుండేది, ఆ రోజుల్లో చెవులకు స్కార్ఫ్ చుట్టుకుని అన్న పక్కన మెల్లగా స్కూటీ నడిపేది, నర్సరీ బడిలో పిల్లల్ని అదిలించే గొంతుతోనే అతన్నీ అదిలించేది. "చేతులు ఊపు. తల దించద్దు. ఆ మామిడి తోపు దాకా ఆగేది లేదు." టీకొట్టు దగ్గర ఆగినప్పుడు అతని చెయ్యి వేడి వడ వైపు పోతే టక్కున కొట్టింది. "అది నాది, దానికి నూనె పొయ్యద్దు." ఏది నీది అన్నాడు అర్థం కాక. "కిడ్నీ. ఇప్పటికి నీ కాడ పెట్టినానంతే. బాగా చూసుకో." టీకొట్టాయన కూడా నవ్వాడు. నవ్వినప్పుడు దాని మొహం ఉబ్బు ఇంకా ఎక్కువగా కనిపించేది, కళ్ళు మూసుకుపోయేవి, ఆ మొహం చూసి కుళాయి దగ్గర ఆడవాళ్ళు షాలిని కొంచెం ఒళ్ళు చేసిందే అనేవాళ్ళు, అది నీరమ్మా అని అమ్మ చెప్పేది కాదు, అవునమ్మా అనేది.

పెద్ద రోడ్డు దగ్గర బల్లలు వేసి కాగితం కప్పుల్లో నీళ్ళు పెట్టారు. కాలేజీ పిల్లలు కప్పులు చాచి "వాంగణ్ణా, తణ్ణి, తణ్ణి" అని అరుస్తున్నారు, ముందు పోయేవాళ్ళు ఒక గుక్క తాగి తక్కినది నెత్తిన పోసుకుని కప్పు విసిరేస్తున్నారు, రోడ్డంతా సగం తాగిన కప్పులు, వాటి మీద కాలు పడి నీళ్ళు చింది పిక్కలకు తగులుతున్నాయి. నిరంజన్ చెయ్యి చాచలేదు. షాలినికి రోజుకు ఇన్నే నీళ్ళని ఆస్పత్రిలో చెప్పారు, పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టుకునేది, కూరలో రసంలో పోయేది కూడా దాంట్లోంచే తగ్గించేది, మధ్యాహ్నానికి సీసా అడుగుకు వచ్చేది, ఎండాకాలంలో ఐసుముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని కళ్ళు మూసుకునేది, అది కరిగిపోకూడదని మాట్లాడేది కాదు. ఒకసారి అతను పరుగు నుంచి వచ్చి వంటింట్లో చెంబెత్తి గడగడ తాగుతుంటే గుమ్మంలో నిలబడి అతని గొంతు వైపే చూస్తోంది, గుటక పడినప్పుడల్లా దాని గొంతు కూడా కదులుతోంది. అతను చెంబు దించేశాడు. "తాగన్నా, నీకి అక్కర. నేను ఊరికే చూస్తా ఉండా." ఆ తర్వాత దాని ఎదుట నీళ్ళు తాగలేదు. ఇప్పుడు దాని ఎదుట కాదు, ఇప్పుడు ఎన్ని చెంబులైనా తాగవచ్చు, పాలారులో నీళ్ళుంటే పాలారు తాగవచ్చు. నాలుక పిడచకట్టుకుపోతోంది. ఒక పిల్ల అతనితో పాటు నాలుగడుగులు పరిగెత్తి కప్పు చేతిలో పెట్టబోయింది, అతను తల అడ్డంగా ఊపాడు, ఆ పిల్ల ఆగిపోయింది.

బస్టాండు వైపు నుంచి వచ్చే బస్సుల్ని ఆపేశారు, కిటికీల్లోంచి జనం చూస్తున్నారు, చేతుల్లో ఎక్స్‌రే కవర్లు, ఒళ్ళో చెంబులు, ఏ ఊళ్ళ నుంచో ఆస్పత్రికి వచ్చినవాళ్ళు, బయటి రాష్ట్రాల వాళ్ళు, వాళ్ళకు ఈ పందెం ఒక అడ్డు. అతనూ ఇలాగే ఎన్నిసార్లు పొద్దున బస్సులో వచ్చాడు, కిటికీ పక్కన షాలిని, ఈ పక్కన తను, వెనక సీట్లో అమ్మ. భార్య పవిత్ర రాలేదు. పాప స్నేహను బడికి పంపాలి కదా అనేది. ఒకరోజు పాపకు జడ వేస్తూ, అతని వైపు చూడకుండా, దువ్వెనతో పాపిట తీస్తూ అంది, "నేను వద్దనడం లేదు. నాకి భయంగా ఉండాదని మాత్రం చెప్తా ఉండా. మీకేమన్నా అయితే ఈ బిడ్డకి ఎవురు?" ఏమీ కాదంట, ఒకదానితో నూరేళ్ళు బతకచ్చంట అన్నాడు. "సరి" అంది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు, అతనికి ఉప్పు తగ్గించి వండింది, పొద్దున్నే లేచి బూట్లు గుమ్మం దగ్గర పెట్టింది, ఆస్పత్రి వాళ్ళు భార్య ఒప్పుకోవాలంటే వచ్చి ఒప్పుకుంటున్నానని చెప్పింది. ఏ తప్పూ పట్టడానికి లేదు. కాని షాలిని పోయిన తర్వాత, కర్మ అయిన మరునాటి మధ్యాహ్నం, పవిత్ర నట్టింట్లో చాప మీద చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోయింది. ఎన్నో నెలల తర్వాత పోయే నిద్ర. నోరు కొంచెం తెరుచుకుని, నుదుటి మీద ముడత లేకుండా. అతను గోడకానుకుని కూర్చుని ఆ మొహాన్ని చాలాసేపు చూశాడు, చూసి లేచి బయటకు పోయాడు, అప్పటి నుంచి ఆమెతో అవసరమైనంతే మాట్లాడుతున్నాడు, ఈ రోజు కూడా చెప్పకుండా బండి తీశాడు, తలుపు దగ్గరికి వేస్తున్నప్పుడు ఆమె మేలుకునే ఉందని మాత్రం తెలుసు.

పాలారు వంతెన ఎక్కగానే గాలి తగిలింది. కింద నది లేదు, ఇసుక, తుమ్మచెట్లు, మధ్యలో నల్లగా ఒక కాలవ, దూరంగా బండరాళ్ళ కొండల మీద ఎండ పడుతోంది. పక్కన ఎవరో అతని అడుగుకు అడుగు కలిపి పరిగెత్తుతున్నారు, అరవై దాటిన మనిషి, సన్నగా వెదురు కట్టెలా ఉన్నాడు, తెల్ల టోపీ. నిరంజన్ తనలో తను ఏదో గొణిగి ఉంటాడు, ఆయన తిరిగి చూశాడు.

"తెలుగా తంబీ? మాది పొన్నై. బాలచంద్రన్ అంటారు నన్ను."

నిరంజన్ తన ఊరు చెప్పాడు.

"బాగా పరిగెత్తతా ఉండావు. ఊపిరే వినబడలే నాకి. ఎన్నేండ్లుగా?"

"ఒక ఏడాది."

"ఏడాదికే ఇట్లనా? ఎట్ల మొదలుపెట్టినావు?"

ఏం చెప్పాలి. చెప్పడం మొదలుపెడితే ఈ వంతెన చాలదు. "డాక్టరు చెప్పినాడు. బరువు తగ్గించమని."

"తగ్గిందా?"

"తగ్గింది."

"బీపీ?"

"అదీ తగ్గింది."

"మరింకేమి. నీ పని అయిపోయినట్టే గదా" అని ఆయన సంతోషంగా చెయ్యి ఊపి ముందుకు పోయాడు, ఆ సన్నటి పిక్కలు గబగబా దూరమయ్యాయి. నీ పని అయిపోయినట్టే. ఎంత మంచిగా అన్నాడు, ఆయన మీద కోపం కూడా రాలేదు, ఏడుపు వచ్చింది, పరిగెత్తేవాడికి ఏడుపు కుదరదు, ఊపిరి తప్పుతుంది, దాన్ని మింగి వంతెన అవతల కాట్పాడి వైపు పెట్టిన ప్లాస్టిక్ స్తంభం చుట్టూ తిరిగి మళ్ళీ వెనక్కు పరిగెత్తాడు.

అప్పటికే ఆపరేషన్‌కు తేదీ ఇచ్చేశారు. అదే కదా. కొండంత కష్టం అయిపోయింది, పెద్ద డాక్టరు అతని రిపోర్టులు చూసి లేచి నిలబడి చెయ్యి కలిపాడు, మీలాంటి అన్న ఉండాలి అన్నాడు, షాలిని తేదీ విని బస్సులో వచ్చేటప్పుడంతా చెయ్యి చాచి పెట్టి "పట్టుకో" అంది. దాని ఎడమచేతిలో డయాలిసిస్ కోసం నరాలు కలిపి కుట్టిన చోట ఎప్పుడూ ఒక గుయ్యిమనే శబ్దం ఉండేది, వేలు పెడితే తెలిసేది, "మోటారు తిరగతా ఉండాది చూడు, ఇంకొన్నాళ్ళకి దీన్ని ఆపేసేయచ్చు" అంది. జ్వరం ఒక సోమవారం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు, ఆస్పత్రిలో చేర్చుకున్నారు, అమ్మ తోడుంది, అతను పరుగు మానకూడదని షాలినీయే చెప్పి పంపించింది, ఆపరేషన్ ముందు బరువు మళ్ళీ పెరిగితే ఊరుకోను అంది, అవే అది అతనితో అన్న చివరి మాటలు, బరువు గురించి. మరుసటి పొద్దున మోర్ధానా ఆనకట్ట దారిలో చాలా దూరం పోయి వచ్చాడు, ఎప్పుడూ అంత దూరం పోలేదు, ఒళ్ళంతా తేలికగా ఉంది, సిగ్గు లేకుండా సంతోషంగా ఉంది, ఇంటికి వచ్చి ఫోన్ చూస్తే అమ్మ ఎన్నోసార్లు చేసింది. చెమట బట్టలతోనే బస్సెక్కాడు. పళ్ళికొండ దగ్గర ఏదో ఊరేగింపు, బస్సు కదలలేదు, దిగి పరిగెత్తితే అనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు, ఇన్నాళ్ళు పరిగెత్తినది ఇందుకే అన్నట్టు. చేరేసరికి రక్తమంతా విషమైందని చెప్పారు, నోట్లో గొట్టం, షాలిని అతన్ని చూడలేదు. అతను డాక్టరు ఎదుట నిలబడి ఇప్పుడే తీసుకోండి సార్ అన్నాడు, పొద్దున్నుంచి ఏమీ తినలేదు, కడుపు ఖాళీగానే ఉండాది, ఇప్పుడే తియ్యండి. అరవంలో అన్నాడో తెలుగులో అన్నాడో గుర్తులేదు. డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేసి, అది ఇప్పుడు పనికిరాదప్పా, ఈ జ్వరంలో ఏదీ పనికిరాదు అన్నాడు. మధ్యాహ్నం గుడ్డ కప్పకముందు అతను దాని ఎడమచెయ్యి పట్టుకుని కుట్టిన చోట వేలు పెట్టాడు, వేలు జరిపి జరిపి వెతికాడు, తప్పు చోట పెట్టానేమో అని మళ్ళీ వెతికాడు, నర్సు వచ్చి మెల్లగా చెయ్యి విడిపించింది.

అమ్మ పదోరోజున అతని నడుం చుట్టూ చేతులు వేసి తల పొట్టకు ఆనించి ఏడ్చింది, "నువ్వన్నా నిండుగా ఉండావు నాయనా, నువ్వన్నా నిండుగా మిగిలినావు" అని. నిండుగా. ఆ మాట అతన్ని అప్పటి నుంచి వదలలేదు. రెండూ ఉన్నాయి, రెండూ శుభ్రంగా పనిచేస్తున్నాయి, ఇప్పుడు కూడా, ఈ వంతెన మీద కూడా, ఎవరూ అడగకుండానే అతని రక్తాన్ని కడుగుతూ ఉన్నాయి, ఇంత కష్టపడి చేసిన ఒళ్ళు, ఉప్పు లేని కూడుతో చేసిన ఒళ్ళు, కడిగి ముగ్గు పెట్టిన ఇల్లులాగా తళతళలాడుతోంది, ఉండాల్సిన మనిషి రాలేదు. దీన్ని ఏం చేసుకోవాలి. మళ్ళీ గోడౌన్‌లో కూర్చోబెట్టి లావు చెయ్యాలా. లావు చేస్తే ఎవరికి కోపం వస్తుంది.

వంతెన దిగాక కుడిపక్క డొక్కలో పోటు మొదలైంది. మొదట చిన్నగా, తర్వాత ఎవరో లోపల గుప్పిటపట్టి మెలిపెట్టినట్టు, అతను వంగిపోయాడు, అయినా ఆగలేదు, ఆ నొప్పి అతనికి ఇష్టంగా ఉంది, ఆ పక్కే కోస్తామన్నారా, కాదు, ఎడమపక్క అన్నారు, అయినా ఫరవాలేదు, రా, ఇంకా రా, పెరుగు, ఇక్కడ పడిపోతే వీళ్ళే ఎత్తుకుపోతారు, అంబులెన్సు వెనకే వస్తోంది. వేగం పెంచాడు. రోడ్డు కదిలినట్టయింది, పక్కనవాళ్ళు వెనకబడ్డారు, కళ్ళముందు ఎండ తెల్లగా పగిలింది, ఇప్పుడు, ఇప్పుడు అనుకున్నాడు. కాని ఒళ్ళు నేర్చుకుంది. అతను చెప్పకుండానే భుజాలు వదులయ్యాయి, ఊపిరి దానంతట అది లోతుకు దిగింది, పోటు మెల్లగా విప్పుకుని పోయింది, కాళ్ళు మళ్ళీ పాత లెక్కలో పడ్డాయి. అంతకన్నా ద్రోహం లేదనిపించింది. ఆ తర్వాత రోడ్డు, మలుపు, పోలీసు, డప్పు, కోటగోడ, ఏదీ సరిగా చూడలేదు, ఎవరో మైకులో అతని నంబరు చదివారు, మెడలో ఏదో వేశారు, అరటిపండు చేతిలో పెట్టారు.

తాడు కట్టిన చోటు దాటి పవిత్ర నిలబడి ఉంది. చేతిలో ఏమీ లేదు. పాపను అత్త తంగమ్మ దగ్గర వదిలి మొదటి బస్సుకు వచ్చినట్టుంది, జుట్టు ఇంకా ముడి వేసే ఉంది. అతను చూసి ఆగాడు. ఆమె అతని ఎదుటికి వచ్చింది గాని తాకలేదు. కోట కందకం పక్కన గడ్డి మీద ఇద్దరూ కూర్చున్నారు, చుట్టూ జనం ఫోటోలు తీసుకుంటున్నారు.

"మీరు నన్ను చూస్తా ఉండారు. ఆ పొద్దు నుంచి" అంది.

"చూడలేదు."

"చూస్తా ఉండారు. నేను నిద్రపోయినానని." ఆమె గడ్డిపరక ఒకటి తెంపింది. "అవును, నిద్రపట్టింది. మిమ్మల్ని ఇంక కొయ్యరని నిద్రపట్టింది. ఆ పిల్ల పోవాలని నేను ఏ పొద్దూ అనుకోలే. రెండూ ఒకటే ఒంట్లో ఉంటాయి, నేనేం చేసేది?"

అతను ఆమె వైపు చూశాడు. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది, ఆ ఒక్క మధ్యాహ్నం తప్ప ఆమె నిద్రపోలేదేమో, అతను గమనించనే లేదు. ఏదైనా అనాలి. నిన్ను ఏమీ అనుకోలేదు అంటే అబద్ధం. అనుకున్నాను అంటే ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియదు. వంతెన మీద మింగిన ఆ ఏడుపు అలాగే ఉంది, అది దిగదు, పైకి రాదు, బహుశా ఇక ఉండిపోతుంది, దానితోనే తినాలి, పడుకోవాలి, లుంగీలు లెక్కపెట్టాలి, పాపను బడికి తీసుకుపోవాలి.

"లెయ్యండి. ఏమన్నా తిందురు" అంది.

రోడ్డవతల హోటల్లో జనం కిక్కిరిసి ఉన్నారు, సగం మంది పసుపు బనీన్లే. బల్ల మీద ఆకు వేశారు, పొంగల్ వడ్డించారు, ఆవిరి, మిరియాలు, నెయ్యి వాసన. అతను తినలేననుకున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. షాలిని పోయినప్పటి నుంచి ఏది తిన్నా మట్టిలా ఉండేది, ఈ రోజు రుచి తెలిసింది, ఉప్పు తెలిసింది, జీడిపప్పు పంటికింద పడి తెలిసింది, కడుపు లోపల ఏదో జంతువు లేచి ఒళ్ళు విరుచుకున్నట్టు ఆకలి లేచింది, అతను తల వంచి ఆపకుండా తిన్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారి ఆకులో పడుతున్నా ఆపలేదు, ఎదురుగా పవిత్ర తన ఆకు ముట్టకుండా అతన్నే చూస్తోంది. ఆకు ఖాళీ అయింది. వడ్డించే మనిషి గిన్నెతో పక్క బల్ల దాకా వచ్చాడు. నిరంజన్ తల ఎత్తలేదు, చెయ్యి మాత్రం ఎత్తి, ఇంకొంచెం పెట్టమన్నాడు.